వినడం ఎవరి పీరియడ్?

పాఠం ఏ భాషలో చెప్పాలన్న తగవు తెలుగునాట కొత్తది కాదు. 1918లో హైదరాబాదులో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇంగ్లీషును కాదని ఉర్దూను బోధనభాషగా పెట్టుకుంది. దేశభాషలో ఉన్నత విద్య చెప్పిన పేరు దానికి దక్కింది. కాని ఆ సంస్థానంలో అత్యధికుల ఇళ్లలో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం; ఆ పిల్లలకు ఉర్దూ కూడా నేర్చుకుని వినవలసిన భాషే. ఆ తర్వాత ఇంగ్లీషు వచ్చింది. 2008లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సక్సెస్ స్కూళ్ల పేరుతో వేలాది ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు మీడియం తెరిచింది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియంలోకి మారుస్తూ ఉత్తర్వులిస్తే, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ప్రభుత్వం తల్లిదండ్రుల అభిప్రాయం సేకరించి, 96 శాతం మంది ఇంగ్లీషే కోరుకున్నారని ప్రకటించింది. తెలంగాణ 2022-23 నుంచి అదే దారి పట్టింది. రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఇన్నేళ్ల వాదాల్లో పాఠ్యపుస్తకం గురించి, పరీక్ష గురించి, ఉద్యోగం గురించి, ఆత్మగౌరవం గురించి బోలెడంత మాట్లాడుకున్నాం. బడిలో పిల్లలు ఎక్కువసేపు చేసే పని వినడం. ఆ పని పరాయి భాషలో ఎలా జరుగుతోందో, దాన్ని ఎవరు నేర్పాలో అడిగినవాళ్లు తక్కువ.

ఈ వ్యాసం ఇంగ్లీషు మీడియం మంచిదా చెడ్డదా అన్న తీర్పు చెప్పడానికి కాదు. తల్లిదండ్రుల కోరికను అమాయకత్వమని కొట్టిపారేసే హక్కు తమ పిల్లలను ఇంగ్లీషు మీడియంలోనే చదివించుకున్న పెద్దలకు అసలే లేదు. మీడియం మారింది కాబట్టి మారినచోట ఏం చేయాలన్నదే ఇక్కడి ప్రశ్న. దానికి నేను చెప్పదలచిన జవాబు ఒకటే: పరాయి భాషలో పాఠం వినడం ఇంగ్లీషు పీరియడ్‌లో వచ్చే విద్య కాదు, ఆ భాష మధ్య కూర్చోబెడితే దానంతటది వచ్చేదీ కాదు, సైన్సు వినడాన్ని సైన్సు టీచరే, చరిత్ర వినడాన్ని సోషల్ టీచరే, తమ పాఠంలో భాగంగా నేర్పాలి.

ముందు ఇబ్బంది ఎక్కడుందో చూడాలి. చదివేటప్పుడు అర్థంకాని వాక్యం దగ్గర ఆగవచ్చు, వెనక్కి వెళ్లవచ్చు. విన్న మాటకు ఆ వీలు లేదు. చెవిన పడ్డ క్షణంలోనే పట్టుకోవాలి, పట్టుకున్నదాన్ని తర్వాతి మాట వచ్చేదాకా మనసులో నిలుపుకోవాలి. ఇలా తాత్కాలికంగా నిలుపుకునే జ్ఞాపకానికి చోటు చాలా తక్కువని 1974లో బాడ్లీ, హిచ్ ప్రతిపాదించిన నమూనా నుంచి నేటి వరకూ మనోవిజ్ఞానం చెబుతూనే ఉంది. సొంత భాషలో వినేవాడికి శబ్దాలను మాటలుగా విడదీయడం ఉచితంగా జరిగిపోతుంది, ఉన్న చోటంతా విషయానికే దక్కుతుంది. పరాయి భాషలో వినేవాడు ఆ చోటులో సగం మాటలను విడదీయడానికే ఖర్చు పెడతాడు. పైగా తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, ప్రతి అక్షరం దాని విలువ మేరకు పలుకుతుంది. ఇంగ్లీషు పదాలు హల్లుతో ఆగి పక్క పదంతో అతుక్కుంటాయి, ఊనిక లేని అక్షరాలను మింగేస్తాయి. అచ్చులో చూసి నేర్చుకున్న మాటను చెవి గుర్తుపట్టకపోవడం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

అయితే తెలుగు పిల్లల విషయంలో అసలు చిక్కు ఇది కాదని నా అభిప్రాయం. మన వాడుక తెలుగు నిండా ఇంగ్లీషు నామవాచకాలే. ప్రెషర్, టెంపరేచర్, వాల్యూమ్, గ్యాస్, ఆక్సిజన్ బడికి రాకముందే చెవిన పడ్డ మాటలు. వాయువుల గురించి ఇంగ్లీషులో చెబుతుంటే పిల్లవాడి చెవికి ఈ మాటలన్నీ తెలిసినవిగానే తగులుతాయి, తలూపుతాడు. కాని బాయిల్ నియమం ఈ మాటల్లో లేదు, వీటి మధ్య సంబంధంలో ఉంది. ఉష్ణోగ్రత మారకుండా ఉంచితేనే, పీడనం పెరిగినకొద్దీ ఘనపరిమాణం తగ్గుతుంది. ఆ ‘ఉంచితేనే’, ఆ ‘కొద్దీ’ ఇంగ్లీషులో చిన్న చిన్న మాటలుగా, ఊనిక లేకుండా, వాక్యంలో మనం ఎదురుచూడని చోట వస్తాయి. తెలుగు వాక్యం షరతును ముందు చెప్పి ఫలితాన్ని చివర చెబుతుంది. నామవాచకాన్ని వర్ణించే ఉపవాక్యాన్ని ముందు పెట్టి, నామవాచకాన్ని తర్వాత తెస్తుంది. క్రియ కోసం చివరిదాకా ఆగడం మన చెవికి అలవాటు. ఇంగ్లీషు ఫలితాన్ని ముందే చెప్పేసి, షరతును చివర తగిలించగలదు. అన్‌లెస్, వేరాజ్, ఎక్సెప్ట్, ప్రొవైడెడ్ లాంటి మాటలు జారిపోతే వాక్యం అర్థం తలకిందులైపోతుంది, పిల్లవాడికి మాత్రం అర్థమైనట్టే ఉంటుంది. తెలిసిన నామవాచకాలు ఇచ్చే ఈ భరోసా టీచరును కూడా మోసం చేస్తుంది. ‘అర్థమైందా?’ అంటే ‘అర్థమైంది సార్’ అని తరగతంతా ఒక్క గొంతుతో అనడం అబద్ధం కాదు, పిల్లలు నిజంగానే అలా అనుకుంటారు.

కబుర్ల ఇంగ్లీషుకూ పాఠం ఇంగ్లీషుకూ ఉన్న దూరాన్ని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979 నుంచి చెబుతూ వచ్చారు. కొత్త భాషలో సంభాషణ పట్టుబడటానికి రెండేళ్లు చాలవచ్చు, ఆ భాషలో చదువు సాగించే స్థాయి రావడానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందని ఆయన అంచనా. అదికూడా చుట్టూ ఇంగ్లీషే వినిపించే దేశానికి వలస వచ్చిన పిల్లల గురించి. గుంటూరు జిల్లా పల్లెలోనో నల్లగొండ తండాలోనో బడి గేటు దాటితే ఇంగ్లీషు వినిపించని పిల్లలకు ఆ లెక్క ఇంకా పెరుగుతుందే గాని తగ్గదు. స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు పెట్టాం కదా, ఇక పాఠాలు అవే అర్థమవుతాయనే నమ్మకం ఇక్కడే బెడిసికొడుతుంది. పేరు, ఊరు, ఇష్టమైన ఆట గురించి చక్కగా మాట్లాడగలిగిన అమ్మాయి, గుండెలో రక్తం ఏ గది నుంచి ఏ గదికి పోతుందో చెప్పే అయిదు నిమిషాల వివరణలో దారి తప్పవచ్చు. ఆ వివరణకు వేరే వ్యాకరణం, వేరే నడక ఉన్నాయి.

ఈ నష్టం ఊహ కాదనడానికి హాంకాంగ్ మంచి సాక్ష్యం. 12,784 మంది హైస్కూలు విద్యార్థులను ఏళ్ల తరబడి గమనించి మార్ష్, హౌ, కాంగ్ అనే ముగ్గురు 2000లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంగ్లీషు మీడియం పిల్లలు ఇంగ్లీషులో కొంత లాభపడ్డారు. చరిత్ర, భూగోళం, సైన్సుల్లో మాత్రం బాగా వెనకబడ్డారు. గణితంలో నష్టం అంతకంటే తక్కువ. ఈ తేడాను ఎవరెలా వివరించినా, నాకు కనిపించేది ఇది: గణితం చాలావరకు బోర్డు మీద కళ్లకు కనిపిస్తూ నడుస్తుంది, చరిత్ర గాలిలో మాటగా నడుస్తుంది. చెవి మీద భారం ఎక్కడ ఎక్కువో నష్టం అక్కడ ఎక్కువ. హాంకాంగ్ ప్రభుత్వం 1998లో చాలా బడులను చైనీసు మాధ్యమంలోకి మార్చి, 114 బడులకే ఇంగ్లీషును మిగిల్చింది. 2010లో ఆ నియమాన్ని మళ్లీ సడలించింది. మలేసియా 2003లో గణితం, సైన్సులను ఇంగ్లీషులోకి మార్చి, 2009లో వెనక్కి తిరగాలని నిర్ణయించుకుంది. మన దగ్గర కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ప్రచురించిన అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో లాటరీ ద్వారా ప్రైవేటు బడి అవకాశం పొందిన పిల్లలను నాలుగేళ్ల తర్వాత చూస్తే, తెలుగులో, గణితంలో, మిగతా పిల్లలతో తేడా లేదు. తెలుగు మీడియం ప్రైవేటు బడులను విడిగా తీసి చూసినప్పుడు ఫలితం ఇంగ్లీషు మీడియం బడులకంటే మెరుగన్న సూచన కనిపించింది. ప్రైవేటు బడి, ఇంగ్లీషు మీడియం ఒకటేనన్న మన మామూలు లెక్కకు ఇది కొంచెం ఇబ్బందికరమైన సంగతి.

దీనికి ఎదురుగా నిలబడే గట్టి ఉదాహరణ ఒకటుంది, దాన్ని తప్పించుకుని పోకూడదు. 1965లో కెనడాలోని మాంట్రియల్ దగ్గర సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకు కిండర్‌గార్టెన్ నుంచే ఫ్రెంచిలో చదువు మొదలుపెట్టారు. లాంబర్ట్, టకర్ దీర్ఘకాలం పరిశీలించి, పిల్లల ఇంగ్లీషు దెబ్బతినలేదని, చదువులో వెనకబడలేదని, ఫ్రెంచి వినడం బాగా వచ్చిందని తేల్చారు. పరాయి భాషలో ముంచేస్తే ఈత అదే వస్తుందనేవారు ఈ ప్రయోగాన్నే చూపిస్తారు. కాని ఆ తరగతి ఎలా ఉండేదో చూడాలి. టీచర్లకు పిల్లల ఇంటి భాష తెలుసు. మొదట్లో పిల్లలు ఇంగ్లీషులో జవాబు చెప్పినా ఒప్పుకునేవారు. ఫ్రెంచి ఎవరికీ రాదు కాబట్టి అందరూ ఒకే మెట్టు మీదున్నారు, వారి స్థాయికి తగ్గట్టే టీచరు మాట తీరు మలుచుకునేది. కొన్నేళ్లకు ఇంగ్లీషు చదువు కూడా టైమ్‌టేబుల్లో చేరింది. ఇంట్లో పుస్తకాలున్న మధ్యతరగతి తల్లిదండ్రులు ఏరికోరి ఆ బడిని పెట్టించుకున్నారు. అంటే అక్కడ వినడం దానంతటది రాలేదు. పిల్లలు వినగలిగేలా మాట్లాడటమే అక్కడి టీచరు ప్రధానమైన పని. ఆ ప్రయోగం నా వాదానికి ఎదురుకాదు, ఆసరా.

పెద్దవాళ్లయినా, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లయినా ఇదే ఇబ్బంది పడతారని యూరప్ అనుభవం చూపిస్తోంది. స్వీడన్‌లో ఎయిరీ, లిండర్ 2006లో ప్రచురించిన అధ్యయనంలో భౌతికశాస్త్ర విద్యార్థులు ఇంగ్లీషులో ఉపన్యాసం జరిగినప్పుడు ప్రశ్నలు తక్కువ అడిగారు, అడిగినవాటికి జవాబులూ తక్కువే చెప్పారు. నోట్సు రాసుకోవడంలో పడి చెప్పేది వినలేకపోయారు. ముందే పాఠం చదువుకుని వచ్చినవారు నెట్టుకొచ్చారు. తమకు ఇంత తేడా ఉందని ఆ విద్యార్థులే మొదట అనుకోలేదు. నార్వే, జర్మనీల్లో 391 మంది విద్యార్థులను అడిగి హెలెక్యార్ 2010లో ప్రకటించిన ఫలితాలు ఇంకో మెలిక చూపాయి: కొందరికి సొంత భాషలో ఉపన్యాసం వినడం కూడా కష్టంగానే ఉంది. దీన్ని పట్టుకుని, చూశారా ఇది భాష సమస్య కాదు అనవచ్చు. నిజమే, ఉపన్యాసం వినడం ఏ భాషలోనైనా నేర్చుకోవలసిన విద్యే. సొంత భాషలో ఆ విద్య లేనివాడు ఏదోలా నెట్టుకొస్తాడు, పరాయి భాషలో ఆ లోటు బయటపడుతుంది.

మన తరగతిగదిలో వినడం పేరుతో నడిచేవి రెండు. ఒకటి డిక్టేషన్. టీచరు నోట్సు చెబుతుంటే పిల్లలు వంచిన తల ఎత్తకుండా రాసుకుంటారు. అది శబ్దాన్ని అక్షరంగా మార్చే పని. దానికి స్పెల్లింగు తెలిస్తే చాలు, అర్థం తెలియనక్కర్లేదు. రెండోది బృందగానం. టీచరు వాక్యాన్ని సాగదీసి చివరి మాటను సగంలో వదిలేస్తే తరగతి దాన్ని పూరిస్తుంది: ‘ప్లాంట్స్ గివ్ అవుట్ ఆక్సి...’ అనగానే ‘జన్’ అని పైకప్పు ఎగిరిపోతుంది. దూరం నుంచి వింటే ఎంత చురుకైన తరగతి! తోక అందించడానికి వాక్యం వినక్కర్లేదు, ముందు వరస పిల్లల పెదవులు చూస్తే చాలు. ఇంగ్లీషు మీడియం వచ్చాక ఈ రెండూ తగ్గలేదు, పెరిగాయి. తనకే పూర్తిగా పట్టులేని భాషలో టీచరుకు అవే ఆసరా. టీచరు ప్రశ్న, పిల్లల జవాబు, టీచరు మెచ్చుకోలు అన్న మూడు మెట్ల మాటకచేరీని సింక్లెయిర్, కూల్తార్డ్ 1975లోనే బ్రిటన్ బడుల్లో నమోదు చేశారు. అక్కడ జవాబుకు కనీసం ఒక మాటకైనా చోటుంది. మన దగ్గర ఒక అక్షరానికి కుదించుకుపోయింది.

మరి ఏం చేస్తే పనిచేస్తుంది? మొట్టమొదట అందరికీ తట్టేది మెల్లగా మాట్లాడటం. ఇంగ్లీషు పరాయి భాష అయినవారి మీద గ్రిఫిత్స్ జరిపి 1990లో ప్రచురించిన ప్రయోగంలో నిమిషానికి 200 మాటల వేగం అవగాహనను దెబ్బతీసింది. కాని 150 మాటల నుంచి 100కు తగ్గిస్తే చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. మరీ సాగదీస్తే వాక్యం మొదలు చివరికి వచ్చేసరికి మరచిపోతామని మనం ఊహించవచ్చు. అంతకంటే ముఖ్యమైనది వాక్యాల మధ్య విరామం, పాఠం నడకను తెలిపే గుర్తులు. ‘ఇప్పటిదాకా కారణాలు చూశాం, ఇక ఫలితాలు చూద్దాం’ వంటి పెద్ద మలుపుల మాటలు ఉపన్యాసం గుర్తుంచుకోవడానికి బాగా సాయపడ్డాయని, ‘వెల్’, ‘నౌ’, ‘సో’ వంటి చిల్లర మాటలు అంతగా సాయపడలేదని షోడ్రన్, రిచర్డ్స్ 1986లో చూపారు. ఇక ప్రశ్న అడిగాక ఆగే సమయం. అమెరికాలో మేరీ బడ్ రో లెక్కకట్టినప్పుడు టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగేవారు. మూడు సెకన్లు ఆగితే జవాబుల పొడవు, ఆలోచన రెండూ పెరిగాయి. సొంత భాషలోనే మూడు సెకన్లు కావాలంటే, విన్నదాన్ని ఒక భాష నుంచి మరో భాషలోకి మోసుకుపోవలసిన పిల్లవాడికి ఇంకెంత కావాలి?

వినేవాడికి నేర్పవలసినది కూడా ఉంది. బ్రిటిష్ పరిశోధకుడు జాన్ ఫీల్డ్ 2008లో రాసిన పుస్తకంలో భాషాతరగతుల మీద ఒక సూటి ఆరోపణ చేశారు: టేపు వినిపించి ప్రశ్నలు వేయడం పరీక్షించడమే అవుతుంది, నేర్పడం కాదు. తప్పు జవాబు వస్తే ఏ మాట దగ్గర చెవి తప్పిందో వెతికి, అక్కడ సాధన చేయించాలని ఆయన వాదన. లారీ వాండర్‌గ్రిఫ్ట్ మరో దారి చూపారు. వినబోయే ముందు ఏం వస్తుందో ఊహించడం, విన్నాక ఊహతో సరిచూసుకోవడం, పక్కవారితో పోల్చుకోవడం, మళ్లీ వినడం, చివరికి ఎలా విన్నానో నెమరువేసుకోవడం. ఆటవాలో ఫ్రెంచి నేర్చుకుంటున్న 106 మందితో ఆయన, తఫఘోద్తరి కలిసి చేసి 2010లో ప్రచురించిన ప్రయోగంలో ఈ పద్ధతి లాభించింది, ముఖ్యంగా వినడంలో బలహీనంగా ఉన్నవారికి. దీన్ని సైన్సు తరగతికి తెచ్చుకోవడం కష్టం కాదు. రక్తప్రసరణ పాఠానికి ముందు గుండె బొమ్మ గీసి, బాణం గుర్తులు లేకుండా ఉంచి, రక్తం ఎటు పోతుందనుకుంటున్నారో పిల్లలను తెలుగులోనే చెప్పుకోనివ్వవచ్చు. ఆ తర్వాత రెండు నిమిషాలు ఇంగ్లీషులో వివరిస్తే, చెవికి ఏం వెతకాలో ముందే తెలుసు. పిల్లలు బాణాలు గీస్తారు, పక్కవాళ్లతో పోల్చుకుంటారు, తేడా వచ్చినచోట మాత్రమే టీచరు మళ్లీ చెబుతుంది. ‘లెఫ్ట్’ వినిపించిందా, ‘ఫ్రమ్’ వినిపించిందా అని ఆ ఒక్క చోటే ఆరా తీయాలి.

తెలుగు ఇలా తరగతిలోకి వస్తే ఇంగ్లీషు ఎప్పటికీ రాదని కొందరు అడ్డుపడతారు. నిజానికి తెలుగు ఇప్పటికే తరగతిలో ఉంది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నాయకత్వంలో హైదరాబాదు, ఢిల్లీ, పట్నాల్లో నడిచిన మల్టీలీలా అధ్యయనం కాగితం మీద ఇంగ్లీషు మీడియంగా ఉన్న తరగతుల్లో భాషలు కలిసి నడవడం నమోదు చేసింది. అడగవలసింది తెలుగు ఉండాలా వద్దా అని కాదు, ఎప్పుడు రావాలని. ఒక వాక్యం ఇంగ్లీషులో చెప్పి వెంటనే దాన్ని తెలుగులో చెప్పే పద్ధతి మన బడుల్లో అన్నిటికంటే ఎక్కువ కనిపిస్తుంది, వినడానికి అన్నిటికంటే చెరుపూ అదే. తెలుగు ఎలాగూ వస్తుందని తెలిసిన పిల్లవాడు ఇంగ్లీషు వాక్యం నడుస్తున్నంతసేపూ కిటికీలోంచి బయటకు చూస్తాడు, అది తెలివైన పనే. అమెరికాలో స్పానిష్ పిల్లల ద్విభాషా తరగతులను గమనించినవారు కూడా ఇదే చెప్పారు: వెంటవెంట అనువదించే చోట పిల్లలు పరాయి భాషను వినడం మానేస్తారు. తెలుగు ముందు వచ్చి ఆలోచనను సిద్ధం చేయాలి, లేదా చివర వచ్చి విన్నది సరేనా అని తేల్చాలి. నడిమధ్యలో ఇంగ్లీషు ఒంటరిగా, కాసేపైనా, తన కాళ్ల మీద నిలబడాలి. ఎదురెదురు పేజీల పాఠ్యపుస్తకం దీనికి చక్కగా పనికొస్తుంది: ముందురోజు తెలుగు పేజీ ఇంట్లో చదివి వస్తే, మర్నాడు ఇంగ్లీషులో వినడం స్వీడన్ విద్యార్థులు ముందే చదువుకుని వచ్చినట్టే అవుతుంది. ఆ పుస్తకం అచ్చువేసినవాళ్లు దాన్ని ఎలా వాడాలో కూడా అంతే శ్రద్ధగా చెప్పి ఉంటే బాగుండేది.

సిలబస్ పూర్తిచేయడానికే సమయం చాలదు, ఇవన్నీ ఎక్కడ చేస్తామనే టీచర్ల మాట సాకు కాదు. పై అధికారి వచ్చి అడిగేది ఎన్ని పాఠాలయ్యాయనే. కాని ఇప్పటి సమయం ఎటు పోతోందో చూస్తే, ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి, నోట్సు చెబుతూ మరోసారి, పరీక్ష ముందు బిట్లు బట్టీ పట్టిస్తూ ఇంకోసారి, ఒకే పాఠం నాలుగుసార్లు నడుస్తోంది. ఒకసారి వినగలిగేలా చెప్పడం దీనికంటే ఖరీదైనదేమీ కాదు. ఇక టీచరు ఇంగ్లీషే అంతంత మాత్రమన్నది మరో అభ్యంతరం. ఇది టీచర్ల గురించి చాటుగా ఎగతాళిగా వినిపించే మాట. పాఠం వినిపించడానికి ధారాళమైన ఇంగ్లీషు అక్కర్లేదు. పది నిమిషాల వివరణకు ముందుగా రాసిపెట్టుకున్న పదిహేను వాక్యాలు, బోర్డు మీద ఆరు మాటలు, ఒక బొమ్మ చాలు. తెలుగు యాసతో, ప్రతి అక్షరం తేటగా పలికే ఆ ఇంగ్లీషు ఇక్కడి పిల్లల చెవికి లండన్ ఇంగ్లీషుకంటే సులువు. ఆ సులువుకు మూల్యం తర్వాత చెల్లించవలసి వస్తుందన్నదీ నిజమే. ఇంజినీరింగు పాఠాల ఎన్‌పీటెల్ వీడియో ముందు కూర్చున్నప్పుడు, ఒక్కసారే వినిపించే ఐఈఎల్‌టీఎస్ రికార్డింగు దగ్గర, అమెరికా విశ్వవిద్యాలయం మొదటి నెలలో ఆ లోటు బయటపడుతుంది. అందుకే ఎనిమిదో తరగతి దాటాక వేరే గొంతులు, వేరే యాసలు కొద్దికొద్దిగా వినిపించడం అవసరం. ఉమ్మడి రాష్ట్రంలో ఆకాశవాణి ప్రాథమిక బడులకు ‘విందాం నేర్చుకుందాం’ అని పాఠాలు ప్రసారం చేసేది. ఆ రోజుల్లో రేడియో ఒకటి చాలిన పనికి ఇప్పుడు ఫోన్లు, గోడకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు ఉండి కూడా, వాటిలో నడిచేది ఎక్కువగా చూసే పాఠమే.

వీడియోకు సబ్‌టైటిల్స్ వస్తున్నాయి, ఇంగ్లీషు ఉపన్యాసాన్ని అప్పటికప్పుడు తెలుగులోకి మార్చే యంత్రాలు వస్తున్నాయి, ఇక ఈ కష్టమంతా ఎందుకనే ప్రశ్న ముందుముందు పెరుగుతుంది. ఎన్‌పీటెల్ పాఠాలు తెలుగులో దొరకడం నిస్సందేహంగా మేలు. కాని సబ్‌టైటిల్ వినేవాణ్ని చదివేవాడిగా మారుస్తుంది. చదువు రానివాడికి అది అక్కరకు రాదు, చదువు వచ్చినవాడి చెవికి సాధన లేకుండా చేస్తుంది. యంత్రం తరగతిలో వెనక బెంచీ నుంచి లేచి ప్రశ్న అడగదు. ప్రశ్న అడగాలంటే విన్నది ఎంతవరకు అర్థమైందో, ఎక్కడ ఆగిందో తెలియాలి, వినడంలో అదే అసలు భాగం.

తరగతి గది గోడల గురించి ఒక్క మాట. పాఠం జరిగేటప్పుడు తరగతిగదిలో నేపథ్యంలోని చప్పుడు 35 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. పరాయి భాషలో వినే పిల్లలకు రణగొణ ధ్వని చేసే నష్టం సొంత భాషలో వినేవారికంటే ఎక్కువ. తెలిసిన భాషలో చెవి జారవిడిచిన అక్షరాన్ని మనసు పూరించుకుంటుంది, తెలియని భాషలో పూరించుకోలేదు. రేకుల షెడ్డు మీద వాన, ఒకే గదిలో రెండు తరగతులు, పక్కనే రోడ్డు ఉన్న బడిలో మీడియం మార్చే ముందు కిటికీకి తలుపులు పెట్టాలన్న ఆలోచన ఏ ఉత్తర్వులోనూ నాకు కనబడలేదు.

ఈ మొత్తం చర్చలో తెలుగును అందరి తల్లిభాషగా అనుకుంటూ వచ్చాం, అది కూడా నిజం కాదు. ఆదిలాబాద్‌లో గోండి, కొలామి, సీతంపేట ఏజెన్సీలో సవర, గోదావరి గట్ల వెంట కోయ మాట్లాడే పిల్లలకు తెలుగు మీడియమే పరాయి మీడియం. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్యను మొదలుపెట్టినప్పుడు ఆ సంగతిని ప్రభుత్వం ఒప్పుకున్నట్టయింది. ఇంటి భాషలో ఆలోచన తయారయ్యాక బడి భాషలో వినిపించే పద్ధతికి ఇంగ్లీషు మీడియం బడులు దూరదేశాల్లో వెతకనక్కర్లేదు. ఆ బడుల్లో పనిచేసిన టీచర్లను అడిగితే సరిపోయేది. ఇప్పుడు అదే పిల్లలు మూడో భాషలో సైన్సు వింటున్నారు.

పరీక్షలో లేనిది తరగతిలో ఉండదన్నది మన బడుల నియమం, దాన్ని మార్చే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి దాంతోనే పని చేయించుకోవాలి. 2023లో ఆంధ్రప్రదేశ్ టోఫెల్ నిర్వహించే ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుని మూడు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలకు చదవడం, వినడంలో పరీక్షలు పెట్టాలనుకుంది. ప్రభుత్వం మారాక అది ఆగిపోయింది. వినడానికి మార్కులుంటాయని పెద్దయెత్తున అనుకున్నందుకు దాన్ని తక్కువ చేయను. కాని అది విడిగా ఇంగ్లీషును కొలిచే పరీక్ష, పాఠం వినడాన్ని కొలిచేది కాదు. అంతకంటే చవకైన దారి చేతిలోనే ఉంది. నిర్మాణాత్మక మూల్యాంకనం మార్కులు వేసేది సబ్జెక్టు టీచరే. ఆ మార్కుల్లో ఒక భాగాన్ని వినడానికి కేటాయించి, రాబోయే పాఠంలో మూడు నిమిషాల వివరణను ఇంగ్లీషులో ఒకసారి చెప్పి, పిల్లలను ఒక బొమ్మ పూర్తిచేయమనో, ఒక పట్టిక నింపమనో, ఏది జరిగితే ఏది జరగదో రెండు వాక్యాల్లో రాయమనో అడగవచ్చు. ఆ రెండు వాక్యాలు తెలుగులో రాసినా పూర్తి మార్కులివ్వాలి. ఇంగ్లీషు మీడియంలో తెలుగు జవాబుకు మార్కులా అని పర్యవేక్షకుడు కనుబొమలు ముడిచే అవకాశం ఉంది. అక్కడ కొలుస్తున్నది రాత కాదు, వినికిడి. ఇంగ్లీషులో విన్నదాన్ని తెలుగులో సరిగ్గా చెప్పగలిగిన పిల్లవాడు కచ్చితంగా విన్నాడు, ఇంగ్లీషు వాక్యాన్ని ఉన్నదున్నట్టు తిరిగి రాసినవాడు విన్నాడో లేదో ఆ టీచరుకూ తెలియదు.